ఎర్ర గడిలో అత్తగారు

కోడలు గిన్నెలు తోముతోంది. అత్త తుడిచి బోర్లిస్తోంది.

పొద్దున హడావుడిగా వదిలేసి వెళ్ళిన గిన్నెలు. సాయంత్రం పని నుంచి రాగానే ఇద్దరూ కలిసి కడిగేసుకోవడం ఐదేళ్ళ అలవాటు. ఆ రోజు కబుర్లన్నీ ఆ కాసేపట్లోనే అయిపోయేవి. ఇప్పుడు నాలుగు రోజులుగా ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పళ్ళేలు వెళ్తున్నాయి, గ్లాసులు వెళ్తున్నాయి. మాట మాత్రం వెళ్ళడం లేదు.

గరిటె జారి సింకులో పడి ఖంగుమంది. ఇద్దరూ ఒకేసారి దానికోసం చెయ్యి చాపారు. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తీసుకున్నారు. గరిటె అక్కడే ఉండిపోయింది.

కొడుకు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మందుల షాపులో పొద్దస్తమానం నిలబడి వచ్చిన మనిషి. వెళ్ళి కూర్చోవాలా, ఇక్కడ ఏదో ఒకటి మాట్లాడాలా తేల్చుకోలేకపోతున్నాడు.

"ఏంటి, ఇవాళ కూడా మౌనవ్రతమేనా?"

ఎవరూ నవ్వలేదు.

"అమ్మా, కాస్త టీ ఏమైనా..."

"మీ ఆవిడ్ని అడుగు. గంటకి ఎన్ని కప్పులు పెట్టగలదో లెక్క కూడా చెప్తుంది."

కోడలి చేతిలో పీచు ఆగింది.

"అత్తయ్యా..."

"నేనేమన్నాను? ఉన్న మాటే అన్నాను" అంది అత్త, పళ్ళెం తుడుస్తూ. ఆ పళ్ళెం ఎప్పుడో ఆరిపోయింది. ఇంకా తుడుస్తూనే ఉంది.

కొడుకు వెనక్కి తిరిగి, "నాన్నా, నువ్వైనా ఒక మాట చెప్పు" అన్నాడు.

ముందు గదిలో పేపరు వెనకాల నుంచి మామ గొంతు వినిపించింది. "నేను ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి. ఎదురెదురుగా రెండు లారీలు వస్తుంటే పక్కకి తీసి ఆపేసుకోవడమే నాకు తెలిసింది."

కొడుకు కూడా పక్కకి తీసి ఆపేసుకున్నాడు. కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

కోడలు గరిటె తీసి కడిగింది. అత్త చేతికి ఇవ్వకుండా తనే బోర్లించింది.

అత్తా కోడళ్ళిద్దరూ పెద్దాసుపత్రి లాండ్రీలో పని చేస్తారు. ఉతికి ఆరిన దుప్పట్లూ, దిండు గలీబులూ, రోగుల గౌన్లూ, ఆపరేషన్ గది పచ్చ బట్టలూ చేరే మడత గది వాళ్ళది. ఆరు బల్లలు, బల్లకొకరు. అత్తది నాలుగో బల్ల, పందొమ్మిదేళ్ళుగా. కోడలికి దుప్పటి మడత నేర్పింది కూడా ఆ బల్ల దగ్గరే. ఆరు నెలల కిందట కోడలు ఆ గదికి సూపర్‌వైజరైంది. నెల కిందట గోడకి బోర్డు పెట్టింది.

బోర్డు పెట్టే ముందు మూడు రోజులు శిక్షణకి వెళ్ళొచ్చింది. పని ఎక్కడ చిక్కుకుంటోందో అంకెలు చూపిస్తాయి, వెళ్ళి ఆ చిక్కు తీయాలి అని అక్కడ చెప్పారు. ఆ మాట ఆమెకి ఎంతో నచ్చింది. గంటకి ఎన్ని మడతలో రాసి, యాభై ఐదు దాటితే పచ్చ, నలభై ఐదు దాటితే పసుపు, అంతకు తక్కువైతే ఎరుపు వేసింది. బల్ల నంబర్లు రాస్తే చాలన్నాడు మేనేజరు. పేర్లు రాసింది తనే. అత్త పేరు నంబరు వెనక దాచిందన్న మాట పడకూడదని. మొదటి వారం ఎర్ర మార్కరు తీసుకుని అందరికంటే ముందు నింపింది కూడా అత్త గడే.

నాలుగు వారాలైంది. ఆ గడి నాలుగు వారాలూ ఎరుపే.

నాలుగు రోజుల కిందట మేనేజరు కొత్త మాట చెప్పాడు. వరసగా నాలుగు వారాలు ఎర్ర గడిలో ఉన్నవాళ్ళని తడి వైపుకి మార్చాలి. తడి వైపంటే యంత్రాల్లోంచి నీళ్ళోడుతున్న బట్టల్ని బయటికి లాగే చోటు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, ఊపిరాడనివ్వని ఆవిరి. పాతికేళ్ళ వాళ్ళే ఏడాది నిలవలేక మానేసి పోతుంటారు. అత్తకి యాభై ఏడు. కుడి భుజం పైకెత్తితే కటుక్కుమంటుంది.

ఆ రోజు నుంచే ఇంట్లో మాటల్లేవు.

ఆఖరి గ్లాసు అత్తకి అందించి, కోడలు చేతులు తుడుచుకుంది. జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. మధ్యాహ్నం నుంచీ దాన్ని తడిమి చూసుకుంటూనే ఉంది.

*

మధ్యాహ్నం మేనేజరు మడత గదికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి మాట్లాడాడు.

"రేపు పొద్దున ఎనిమిదింటికి పేరు రాసి ఇవ్వండి."

"ఆవిడ మా అత్తగారండీ."

"తెలుసు. అందుకే మీరిస్తే బావుంటుంది. నేనిస్తే కక్ష అంటారు. మీరిస్తే న్యాయం అంటారు."

ఆయన చెడ్డవాడు కాదు. వెళ్తూ వెళ్తూ ఆగి, "నా పైన కూడా ఒక బోర్డుందమ్మా" అన్నాడు. అన్నందుకు తనకే చిన్నతనం అనిపించినట్టు గబగబా నడిచి వెళ్ళిపోయాడు.

కోడలికి ఆ గదిలో నిలబడాలనిపించలేదు. కొత్త మార్కరు తెచ్చుకునే నెపంతో స్టోరు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తలుపు వెనక కొక్కేనికి గుచ్చిన చీటీల గుత్తి అప్పుడు కళ్ళబడింది.

వాపసు చీటీలవి. వార్డుల నుంచి నర్సులు రాసి పంపుతారు. ప్రతి కట్టకీ బల్ల నంబరున్న కాగితపు పట్టీ ఉంటుంది కాబట్టి చీటీ మీదా ఆ నంబరు వేస్తారు. మరక పోలేదు, బల్ల రెండు. చిరుగు చూసుకోలేదు, బల్ల ఒకటి. గౌను జేబులో సిరంజి మూత, బల్ల ఐదు. ఈ చీటీలు ఎప్పుడూ ఉండేవే. వచ్చినవి వచ్చినట్టు గుచ్చేయడమే తప్ప, కూర్చుని చదివినవాళ్ళు లేరు.

కోడలు దుప్పట్ల మూట మీద కూర్చుని చదివింది. చదివినవన్నీ ఒళ్ళో బల్లల వారీగా పేర్చింది. బోర్డు పెట్టకముందు నెలలో పదకొండు చీటీలు. పెట్టాక యాభై ఎనిమిది.

ఐదో బల్లవే పందొమ్మిది. నాలుగో బల్లది ఒక్కటి కూడా లేదు.

మళ్ళీ లెక్కపెట్టింది. లేదు.

ఐదో బల్ల దగ్గర ఉండే అమ్మాయిని అందరూ సుడిగాలి అంటారు. గంటకి డెబ్భై ఒకటి ఆమె లెక్క. కోడలు వచ్చి పక్కన నిలబడినా ఆమె చేతులు ఆగలేదు.

"ఏంటి వదినా అలా చూస్తున్నారు? లెక్క తగ్గిందా?"

"తగ్గలేదు. దులపకుండా మడిచేస్తున్నావు."

"దులిపితే డెబ్భై ఎక్కడి నుంచి వస్తాయి?"

"మునుపు దులిపేదానివిగా?"

"మునుపు బోర్డు లేదుగా!" సుడిగాలి నవ్వేసింది. ఆ నవ్వులో కల్మషం లేదు. "మడతలకి గడి ఉంది వదినా. దులపడానికి గడి ఏదీ? ఉంటే చెప్పండి, అందులో కూడా నేనే ఫస్టు."

కోడలు తలతిప్పి నాలుగో బల్ల వైపు చూసింది.

అత్త పచ్చ బట్ట పరిచింది. అరచెయ్యి బల్లపరుపుగా ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకసారి రాసింది. తర్వాత బట్టని రెండు చేతులా ఎత్తి కిటికీ దగ్గరికి నడిచింది. వెలుతురుకి పట్టి చూసింది. తిరిగి వచ్చి మడిచింది. ఇంకో బట్ట పరిచింది.

ఐదేళ్ళుగా చూస్తున్న చేతులే. చేరిన కొత్తలో, "ముందు చేత్తో చూడు, తర్వాత కంటితో చూడు, ఆనక మడువు" అని నేర్పిన చేతులే. బోర్డు పెట్టాక వాటి పక్కన ఉన్న అంకెని చూడ్డం అలవాటై, చేతుల్ని చూడ్డం మానేసింది.

ఆ కిటికీ దాకా ఎందుకు నడుస్తోందో మాత్రం అప్పుడు కూడా ఆమెకి తట్టలేదు.

*

భోజనాలయ్యాక కోడలు బల్ల తుడిచి, కాగితం విప్పి అత్త ముందు పెట్టింది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇది చూడండి."

నాలుగు రోజుల్లో కోడలు తనంతట తానుగా కదిపిన మొదటి మాట అది. కొడుకు తలెత్తి చూశాడు.

"కళ్ళజోడు లేదు" అంది అత్త.

"నీ నెత్తి మీదే ఉంది" అన్నాడు మామ.

అత్త కళ్ళజోడు కిందికి లాక్కుంది. కొడుక్కి నవ్వొచ్చింది కానీ మింగేశాడు. ఆమె కాగితం చదవసాగింది. ఆరు బల్లలు, వాటి పక్కన గంటకి మడతలు, ఆ పక్కన వాపసు వచ్చినవి. నాలుగో బల్ల దగ్గర నలభై రెండు. ఆ పక్కన సున్నా.

ఆమె ఏమీ అనకముందే కోడలు గడగడా చెప్పేసింది.

"మీరు నెమ్మది కాదత్తయ్యా. మిగతావాళ్ళు మానేసిన పని మీరొక్కరే చేస్తున్నారు. నేను మడతలు మాత్రమే లెక్కపెట్టాను, అదే నా తప్పు. రేపు ఎనిమిదింటికి పేరు బదులు ఈ కాగితం ఇస్తాను. బోర్డు మీద పేర్లు తీసేస్తాను. వాపసులకి ఇంకో వరస గీస్తాను. అప్పుడు తడి వైపు మాటే ఉండదు."

"చూశావా అమ్మా!" కొడుకు ముఖం విప్పారింది. "నాలుగు రోజుల నుంచీ అనవసరంగా..."

"బస్సు డిపోలో మాకూ ఇలాగే పెట్టారు ఒకసారి" అన్నాడు మామ. పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఎవరు టైముకి చేరతారో రాశారు. నేను ఎప్పుడూ ఐదు నిమిషాలు లేటు. రెండు నెలలు చూశాను. తర్వాత టైముకి చేరడం మొదలెట్టాను."

"ఎలా?"

"ఆగాల్సిన చోట ఆగకుండా. చెయ్యెత్తినవాళ్ళని అక్కడే వదిలేసి. రోజూ నా బస్సెక్కే ముసలాయన ఒకడు వెనక కొంత దూరం పరుగెత్తాడు. అద్దంలో చూశాను. ఆ నెల నాకు మెచ్చుకోలు కాగితం ఇచ్చారు." ఆయన మడిచిన పేపరుని ఇంకోసారి మడిచాడు. "నీకు చెప్పలేదు" అన్నాడు భార్యతో.

అత్త ఆయన వైపు చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగింది.

"ఇదంతా నీకెప్పుడు తెలిసింది?"

"ఇవాళ మధ్యాహ్నం."

"ఎలా?"

"చీటీలు లెక్కపెడితే."

"నన్నడిగితే నిమిషం పట్టేది కదమ్మాయ్."



అత్త గొంతు పెంచలేదు. కాగితం అంచుని గోటితో సరిచేస్తూ మాట్లాడింది. "మొదటి వారం ఒకటో బల్ల ఆమెకి పసుపు పడింది. మర్నాడే దగ్గరికెళ్ళి ఏం అడ్డొస్తోంది అని అడిగావు. బల్ల పొట్టిగా ఉంది, నడుం పట్టేస్తోంది అంది. కాళ్ళ కింద దిమ్మలు పెట్టించావు. మరుసటి వారానికి ఆమెకి పచ్చ. ఆరో బల్ల ఆమె ట్రాలీ దూరమంది, దగ్గరికి జరిపించావు. మూడో బల్లనీ అడిగావు. నేను నా బల్ల దగ్గర నిలబడి అన్నీ వింటూనే ఉన్నాను. ఎంత బాగా అడుగుతోందో అనుకున్నాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల అని లోపల గర్వం కూడా కలిగింది. ఈ బోర్డు మంచిదే, నా వంతూ వస్తుంది అని చూశాను."

ఆమె గోరు కాగితం అంచు మీద ఆగింది.

"నా దగ్గరికి ఎర్ర మార్కరు వచ్చింది. నువ్వు రాలేదు."



"అందరూ చూస్తుంటారు కదత్తయ్యా" అంది కోడలు. "అత్తగారని సాయం చేస్తోంది అంటారని..."

"ఎవరంటారు?"

"అందరూ."

"అన్నారా?"

"అనలేదు. అంటారని."

"అంటారేమోనని నాతో మాట్లాడ్డం మానేశావు. ఇంట్లో కూడా."

"ఇంట్లో మానేసింది మీరు!"

"నాలుగు రోజుల నుంచి నేను. నువ్వు నెల నుంచి."

కోడలు మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది. కుర్చీ ముందుకి లాక్కుంది. మడత గదిలో మిగతావాళ్ళ దగ్గర ఎలా నిలబడేదో అలాగే, చేతులు ముందు పెట్టుకుని, కాస్త వంగి కూర్చుంది.

"ఇప్పుడడుగుతున్నాను. మీ బల్ల దగ్గర ఏం అడ్డొస్తోందత్తయ్యా?"

అత్త చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది.

"లైటు."

"లైటా?"

"నా బల్ల మీది ట్యూబులైటు పోయి రెండు నెలలైంది. అందుకే ప్రతి బట్టా కిటికీ దాకా మోసుకెళ్ళాలి. వెళ్ళడం, రావడం. నీ అంకెలన్నీ ఆ నడకలోనే పోతున్నాయి."

"రెండు నెలలా! మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? కోడలు సూపర్‌వైజరైంది కాబట్టి అత్త బల్లకి కొత్త లైటు వచ్చింది అనరూ?"

మామ పెద్దగా నవ్వేశాడు. "సరిపోయారు ఇద్దరికిద్దరూ! ఎవరో ఏదో అంటారని ఒకరు అడగరు, ఒకరు చెప్పరు. మధ్యలో వాడూ నేనూ టీ చుక్క లేకుండా నాలుగు రోజులు."

ఈసారి కోడలికి కూడా నవ్వొచ్చింది. ఏడుపులోంచి వచ్చిన నవ్వు. "రేపే లైటు వేయిస్తాను. ఇది కూడా రాస్తాను" అని పెన్ను తీసింది.

అత్త నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళింది. పనికి తీసుకెళ్ళే సంచీ పట్టుకుని వచ్చి, అడుగు నుంచి ఒక కాగితపు పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. వేలెడు వెడల్పు. దాని మీద నాలుగు అంకె.

"నీ కాగితంలో సున్నా తప్పు" అంది.

కోడలు పెన్ను కింద పెట్టింది.

"పదిరోజులైంది. ఆపరేషన్ గది నర్సు స్వయంగా వచ్చింది. పచ్చ బట్ట మడతలో క్లిప్పు ఉండిపోయింది, ఇనపది, ఇంత. బట్ట పరిచేటప్పుడు చూసి తీసేసిందట. ఎవరికీ ఏం కాలేదు. చీటీ రాయలేదు పెద్దమ్మా, మీ చేతికే ఇస్తున్నాను అని ఈ పట్టీ నా చేతిలో పెట్టింది. నా మీద గౌరవం కొద్దీ రాయలేదు. నేనూ ఊరుకున్నాను."

"ఆ రోజు మబ్బేమో. వెలుతురుండదు కదా" అంది కోడలు గబుక్కున.

"మబ్బే. కానీ చేత్తో రాశాను కదా. అది నా అరచేతి కిందనుంచే వెళ్ళుండాలి." అత్త తన కుడి అరచెయ్యి బల్ల మీద పెట్టి చూసుకుంది. వేళ్ళ చివర్లు వేడి బట్టలకి నున్నగా అరిగిపోయి ఉన్నాయి. "నాకు తెలీలేదు. లైటు ఒక్కటే అనుకోకమ్మాయ్. చెయ్యి కూడా మునుపటి చెయ్యి కాదు."

"అమ్మా, చీటీ లేదు కదా" అన్నాడు కొడుకు. గొంతు తగ్గించి, పక్కింటివాళ్ళు వింటారేమో అన్నట్టు. "లేని చీటీని ఎవరు లెక్కపెడతారు? సున్నా అంటే సున్నాయే."

"సుడిగాలివి పందొమ్మిదీ రాశారు కదా నర్సులు" అంది అత్త.

"ఆ అమ్మాయి సంగతి వేరు..."

"ఏం వేరు? ఆ పిల్లకి నర్సులు తెలీదు. నాకు తెలుసు. అంతే కదా వేరు."

కొడుకు తల దించుకున్నాడు.

కోడలు పట్టీ వంక చూస్తోంది. ఒకే ఒక్కటి. కానీ మిగతా యాభై ఎనిమిదీ మరకలూ, చిరుగులూ, సిరంజి మూతలూ. ఆపరేషన్ బట్టలో ఇనప క్లిప్పు ఇదొక్కటే. సున్నాతో ఆ కాగితానికి ఎదురుండదు. ఒకటి రాస్తే మేనేజరు ఏమంటాడో ఆమెకి ఇప్పుడే వినిపిస్తోంది. నెమ్మది అయినా సరే జాగ్రత్త అనుకున్నాం, నెమ్మదీ ఉంది, తప్పూ ఉంది.

"అత్తయ్యా, ఇది రాస్తే..."

"తెలుసు."

"రాయకపోతే..."

"అదీ తెలుసు." అత్త కళ్ళజోడు తీసి మడిచింది. "నువ్వడిగావు, నేను చెప్పాను. కాగితం నీది, గది నీది. ఏం రాయాలో నన్నడక్కు."

ఆమె లోపలికి వెళ్ళింది. మామ కోడలి తల మీద చెయ్యి వేసి తీసి, తనూ వెళ్ళాడు.

"ఒక్క గీత" అన్నాడు భర్త, పక్కకి వచ్చి కూర్చుని. "ఒక్క గీత కోసం అమ్మని ఆ ఆవిరిలోకి పంపుతావా?"

"మీ షాపులో గడువు దాటిన మందు ఒక్కటే ఉందనుకోండి. ఒక్కటే కదా అని అమ్మేస్తారా?"

"అది వేరు."

"ఇందాకా అదే అన్నారు."

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. సున్నా మీద పెన్ను మొన పెట్టింది. రాయలేదు. కాగితం అలాగే వదిలేసి లేచింది.

*

పొద్దున ఐదున్నరకి కోడలు లేచి వచ్చేసరికి కాగితం పెట్టిన చోటే ఉంది. పట్టీ దాని మీద ఉంది.

వంటింట్లో నీళ్ళు మరుగుతున్న చప్పుడు. అత్త అప్పటికే లేచింది. కోడలు నిలబడే పెన్ను తీసుకుంది. ఆలోచిస్తే రాయలేనని తెలుసు. సున్నా కొట్టేసి పక్కన ఒకటి వేసింది. దాని కింద, చిన్న అక్షరాలతో, "ఆపరేషన్ బట్టలో క్లిప్పు. చీటీ రాలేదు" అని రాసింది. ఆ కింద, "ఈ బల్ల మీద రెండు నెలలుగా లైటు లేదు. సూపర్‌వైజరు అడగలేదు" అని రాసింది. ఆ చివరి రెండు మాటలు రాశాక చెయ్యి కొంచెం తేలికపడింది.

తలెత్తితే అత్త ఎదురుగా ఉంది.

కళ్ళజోడు పెట్టుకునే ఉంది. కాగితాన్ని తన వైపు తిప్పుకోలేదు. తలకిందులుగానే చదివింది. కొట్టేసిన సున్నా దగ్గర ఆగింది. చిన్న అక్షరాల దగ్గర ఇంకాసేపు ఆగింది. ముఖంలో ఏముందో కోడలికి అంతుపట్టలేదు. కోపమైతే కాదు. కోపం ఆమెకి తెలుసు.

"నేను మాట్లాడతానత్తయ్యా. లైటు వేయించి ఒక నెల చూడమంటాను. అందరికీ దులిపే పని మళ్ళీ పెట్టి, మీ చేత నేర్పించమని అడుగుతాను. ఒప్పుకుంటాడో లేదో నాకు తెలీదు. కానీ అడుగుతాను."

అత్త తల ఊపినట్టే అనిపించింది. ఊపలేదేమో. స్టవ్వు ఆపి, రెండు కప్పుల్లో టీ పోసింది. ఒకటి కోడలి ముందు పెట్టింది. రెండోది తాగకుండా మూత పెట్టేసింది.

తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని చెప్పులు వేసుకుంది. సంచీ భుజాన వేసుకుంది. కుడి భుజం కటుక్కుమంది. ఎడమ భుజానికి మార్చుకుంది.

"ఇంకా ఆరైనా కాలేదు" అంది కోడలు. "మనకి ఎనిమిదింటికి కదా. ఇద్దరం కలిసి వెళ్దాం."

తలుపు తెరుచుకుంది. మెల్లగా, చప్పుడు కాకుండా మూసుకుంది.

కోడలు కప్పు కింద పెట్టి బాల్కనీలోకి వచ్చింది. కింద వీధి అప్పుడే తెల్లబడుతోంది. అత్త తొందరపడకుండా, మధ్యమధ్య ఆగకుండా నడుస్తోంది. వీధి చివర కుడికి తిరిగితే మడత గది గేటు. ఎడమకి తిరిగితే ఆసుపత్రి వెనక గేటు. తడి వైపు వాళ్ళు లోపలికి వెళ్ళేది అటే. వాళ్ళ హాజరు ఆరున్నరకి.

అత్త ఎడమకి తిరిగింది.